దద్దు, నీడ, తెమడ

కృష్ణానదితో మూసీనది వచ్చి కలియు వాడపల్లి సంగమమునకు చేరువగా, నల్లగొండ జిల్లా దక్షిణాంచలమున నున్న దామరచర్ల సీమ, 1948 సెప్టెంబరు వరకు రెండు రాజ్యముల నడిమి గట్టువంటిది. ఏటికి ఈవలి యొడ్డున నైజాము ప్రభుత్వము, ఆవలి యొడ్డున పల్నాడు, మదరాసు రాజధాని. పడవనెక్కి ఏరు దాటిన మనుష్యునికి నాణెము మారెడిది, కచేరి భాష మారెడిది. రొమ్ములోని దగ్గు మాత్రము వానితోకూడ దాటిపోయెడిది.

ఆ దగ్గునకు మన పూర్వులు పెట్టిన పేర్లు క్షయ, రాజయక్ష్మము. రోహిణియందు మాత్రమే అనురక్తుడై తక్కిన భార్యలను ఉపేక్షించిన చంద్రుడు దక్షుని కోపమునకు గురియై నానాటికి క్షీణించెనను కథను చెప్పియే చరకసంహిత ఈ వ్యాధి చికిత్సను ఆరంభించును. పేరులోనే రోగలక్షణము కలదు: తరుగుట. ఒడలు తరుగుచుండగా కన్నులతో చూచుటయే పరీక్ష. "పిల్లగాడు ఎండుకపోతున్నడు" అని తల్లి గుర్తించునప్పటికి ఊపిరితిత్తులలో కొంతభాగము పుచ్చిపోయి, ఇంటిలో మరి యిద్దరు ముగ్గురికి ఆ దగ్గు సంక్రమించి యుండెడిది. కన్ను గుర్తింపజాలని కాలమున రోగమును గుర్తించుట యెట్లన్న ప్రశ్నకు వైద్యశాస్త్రము నూరేండ్లకు పైగా వెదకిన సమాధానములే నేడు మనము క్షయపరీక్షలని పిలుచుచున్నవి.

ఈ చరిత్రను వ్రాయవలెనను కోరిక నాకు దామరచర్ల ప్రాంతపు తండాలలో ఒకదానియందు, వేపచెట్టు నీడన, కలిగినది. ఒక ఇంటిలో ఒకనికి క్షయ తేలినందున తక్కినవారి ముంజేతులకు సూది వేసి వెళ్లిన ఆరోగ్యకార్యకర్త, మూడవనాడు తిరిగివచ్చి దద్దులు కొలుచుచుండెను. అరువదేండ్ల ముసలమ్మ గాజులను పైకి నెట్టుకొని చేయి చాచెను.

"బిడ్డా, ఇంత ఎర్రగైంది. నాగ్గూడ టీబీ వచ్చినట్టేనా?"

"ఎరుపు లెక్కల్లకు రాదు అవ్వా. గట్టిగున్న కాడికే కొలుస్త."

కార్యకర్త బాల్‌పెన్నును చర్మముపై మెల్లగా ప్రక్కనుండి నడుమకు జరుపుచు, మొన ఎక్కడ గట్టిదనమునకు తట్టుకొనెనో అక్కడ నిలిపి, రెండవ ప్రక్కనుండియు అట్లే గీచి, ఆ రెండు గీతల చివరల నడిమి దూరమును ప్లాస్టిక్ స్కేలుతో చూచి, కాగితముపై 14 అని వేసెను. "పద్నాలుగు మిల్లీమీటర్లు. పురుగు ఎప్పుడో నీ ఒంట్లకు చేరింది. బీమారి ఉన్నదా లేదా అన్నది దీంట్ల తెల్వది, ఫొటో తీయాలె" అని చెప్పెను. ముసలమ్మ ఆ చివరిమాటను వినలేదు. పద్నాలుగు అను అంకెనే పట్టుకొని, కొంగును నోటికి అడ్డము పెట్టుకొని, ఒడి ప్రక్కనున్న మనుమని మోచేతితో అవతలకు జరిపెను.

ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును మరియొక ప్రశ్నకు సమాధానముగా గ్రహించుట యన నిదియే. ఈ పొరపాటు ఆ ముసలమ్మది మాత్రమే కాదు. వైద్యులును, ప్రభుత్వములును పలుమారు ఇట్లే పొరబడిరి.

1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కోఖ్ అను జర్మను వైద్యుడు, ఈ వ్యాధికి మూలము వంశదోషము కాదనియు, కంటికి కానరాని యొక కడ్డీవంటి సూక్ష్మజీవి యనియు నిరూపించెను. ఎనిమిదేండ్ల పిమ్మట ఆ జీవులను పెంచిన ద్రవమునుండి తీసిన టుబర్క్యులిన్ అను సారము క్షయకు ఔషధమని ఆయనయే ప్రకటింపగా, రోగులు తండోపతండములుగా బెర్లినునకు చేరిరి. మందు పారలేదు సరికదా కొందరి ప్రాణములకే ముప్పు తెచ్చెను. అయినను ఆ చెడిన మందే పిదప పరీక్షయై నిలిచెను. 1907లో వియన్నా నగరపు పిర్కే దానిని గీరిన చర్మముపై పూసి చూచెను. 1908లో ఫ్రాన్సు దేశీయుడగు మాంటూ సన్నని సూదితో చర్మపు పొరలోనికే ఎక్కించు పద్ధతిని వెలువరించెను. ఒక మిల్లీలీటరులో పదవవంతు ద్రవము లోనికి చేరగానే చిన్న తెల్లని బుడిపె లేచి కొంతసేపటికి అణగును. శరీరము ఆ క్రిమిని పూర్వమెరిగినదైనచో రెండు మూడు దినములలో అచ్చట చర్మము గట్టిపడును. అనగా ఈ పరీక్ష అడుగునది, "నీవు ఆ క్రిమిని ఎరుగుదువా?" యని మాత్రమే, "ఆ క్రిమి నిన్ను తినుచున్నదా?" యని కాదు. క్రిమి లోన చేరినవారిలో జీవితకాలమున నూటికి అయిదుగురు మొదలు పదిమంది వరకే రోగులగుదురు. తక్కినవారిలో అది నిద్రించుచునే యుండును.

తెలుగునేలపై ఈ శాస్త్రమునకు తొలి నెలవు మదనపల్లె. పెక్కు క్రైస్తవ మిషనులు కలిసి పూనుకొనగా, ఎండుగాలి వీచు ఆ మెట్టసీమలో 1915లో తెరచిన క్షయ శానటోరియమునకు ఆరోగ్యవరము అను చక్కని తెలుగు పేరు అమరినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి అధికారి. స్ట్రెప్టోమైసిన్ గాని ఐసోనయాజిడ్ గాని లేని ఆ దినములలో గాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, ఓరిమి, ఇవియే చికిత్స. మంచము దొరకినవాడు భాగ్యవంతుడు. దామరచర్లవంటి నైజాము పల్లెనుండి ఏరు దాటి, పల్నాడు దాటి, అంతదూరము రోగిని మోసికొనిపోగలవారు ఎందరుందురు? చికిత్స యంత దూరముననున్నప్పుడు రోగమున్నదని తెలిసికొని మాత్రము చేయునదేమి? పరీక్షకు జనులు వెనుదీయుటలో సిగ్గు ఒక్కటియే కారణము కాదు. తెలిసియు ప్రయోజనము లేని తెలివి ఎవ్వరికి కావలెను?

1948లో మనదేశమున బి.సి.జి. టీకాను మొదట ప్రయోగించిన తావులలో మదనపల్లె యొకటి. 1951 నుండి ఆ టీకా దేశవ్యాప్తోద్యమముగా నడచినప్పుడు, ప్రతి బాలునికి ముందుగా టుబర్క్యులిన్ సూది వేసి, మూడవనాడు తిరిగివచ్చి, దద్దు లేనివారికే టీకా వేయుట ఆచారము; ఒక్కొక్క పల్లెకు రెండుమారులు పోవలెను, రెండవమారు సగము పిల్లలు చేనికో, మేకల వెంటనో పోయియుందురు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి ఈ టీకాను ప్రతిఘటించుచు పుస్తకమే వ్రాసెను. ఆయన వాదములన్నియు నిలువలేదు గాని, జనుల శరీరములలో ప్రవేశపెట్టుదానిని జనులకు వివరింపవలెనను కోరిక న్యాయమైనదని నేనెంతును. 1965 నుండి ముందటి సూదిని మానివేసి నేరుగా టీకాయే వేసిరి. టీకా పొందిన చేయి కూడ కొన్నియేండ్లు మాంటూ సూదికి దద్దు చూపవచ్చును; నేలలోను నీటిలోను నివసించు నిరపాయమైన జ్ఞాతిక్రిములును దక్షిణదేశమున ఈ దద్దును తెప్పింపగలవు. కావున ముంజేతిమీది అంకెను ఒంటరిగా చదువుట ప్రమాదము.

దద్దు పిదప చెప్పవలసినది నీడ. 1895లో రాంట్జెన్ కనుగొన్న ఎక్స్-కిరణములు ఛాతీ లోపలిని బయటికి చూపెను. పల్లెజనులు దానిని "ఫొటో" యందురు, ఆ మాటయే నాకు నచ్చును. 1955 నుండి 1958 వరకు భారత వైద్యపరిశోధనామండలి జరిపిన జాతీయ క్షయ సర్వేలో ఆరు కేంద్రములు పనిచేయగా వానిలో రెండు, హైదరాబాదు, మదనపల్లె, తెలుగువారివి. మోటారు వాహనములపై ఎక్స్‌రే యంత్రములను పల్లెలకు త్రోలుకొనిపోయి, చిన్న ఫిల్ములపై వేలకొలది రొమ్ములను చిత్రించి చూడగా, క్షయ పట్టణపు ఇరుకుసందుల రోగమనియు పల్లెగాలి దానిని దరిచేరనీయదనియు పెద్దలు చిరకాలముగా నమ్మిన నమ్మకము కూలిపోయినది. పల్లెలలోను పట్టణములలోను వ్యాప్తి దాదాపు సమానమే. వేయిమందిలో పదునైదుగురికి పైగా ఫొటోలో అనుమానపు నీడ కలవారు. తెమడలో క్రిమి కానవచ్చినవారు సుమారు నలుగురు.

పదునైదు, నాలుగు: ఈ రెండు అంకెల నడిమి వ్యత్యాసమునందే ఫొటో యొక్క బలమును, బలహీనతయు ఉన్నవి. మానిన పాతగాయము నీడనిచ్చును; న్యుమోనియా నీడనిచ్చును; రాతిధూళి పీల్చి పనిచేసిన ఊపిరితిత్తి నీడనిచ్చును. 1940లలో అమెరికాలో యెరుషాల్మి అను గణాంకవేత్త నిపుణులచే ఫిల్ములను చదివించి చూడగా, ఒకరితో నొకరు విభేదించుటయే కాక, అదే ఫిల్మును మరల చూపినప్పుడు తమ తొలిమాటతో తామే విభేదించిరి. నీడ అనుమానమును కలిగించునే గాని నిర్ణయము చేయజాలదు.

ఇంతలో చికిత్స ఇంటి గడపకు వచ్చినది. 1956లో మదరాసున నెలకొల్పిన క్షయ ఔషధచికిత్సా కేంద్రము, వాలస్ ఫాక్స్ నాయకత్వమున, నగరపు పేదరోగులలో కొందరికి శానటోరియములోను కొందరికి ఇరుకు గుడిసెలలోను ఒకే మాత్రలనిచ్చి చూచి, ఫలము దాదాపు సమానమని 1959లో ప్రకటించెను. ఆరోగ్యవరపు మంచము దొరకని లక్షలమందికి అది నిజముగా వరమే. తరువాత బెంగుళూరు జాతీయ క్షయసంస్థవారు తుమకూరు జిల్లాలో విచారింపగా, తెమడలో క్రిమి గలవారు చాలవరకు తమ దగ్గును తామెరిగినవారే యనియు, సుమారు సగముమంది అప్పటికే ఆసుపత్రి మెట్లెక్కి దగ్గుమందు సీసాతో తిరిగివచ్చినవారే యనియు తేలెను. ఇది చదివినప్పుడెల్ల నాకు మనసు కలత చెందును: రోగి వచ్చెను, వైద్యమే రాలేదు.

అందుచే 1962 నాటి జాతీయ కార్యక్రమము తెమడపరీక్షను నమ్ముకొనెను. గాజుపలకపై తెమడను పలుచగా పూసి, ఆరనిచ్చి, ఎర్రని కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరులు లేచువరకు వెచ్చచేసి, ఆమ్లముతో కడుగుదురు. తక్కిన క్రిములు చాలవరకు రంగును విడిచినను, మైనపు పొర కప్పుకొన్న ఈ క్రిమి విడువదు. పిమ్మట నీలిరంగు పోసినచో, సూక్ష్మదర్శినిలో నీలాకాశమున తెగిపడిన ఎర్రదారపు పోగులవలె అవి కానవచ్చును. నూరు దృశ్యములు చూచి ఒకటి మొదలు తొమ్మిది వరకు దొరకిన స్వల్పము, పది మొదలు తొంబదితొమ్మిది వరకైన ఒక ప్లస్; దృశ్యమునకు పదికి మించినచో మూడు ప్లస్. ఈ ప్లస్‌ల లెక్క రోగి ప్రాణాపాయమునకు కొలత కాదు. అతని దగ్గు ఇరుగుపొరుగువారికి ఎంత ప్రమాదకరమో చెప్పు కొలత. క్రిమి లేదన్నచో రోగము లేదని కాదు: మిల్లీలీటరునకు అయిదువేలు మొదలు పదివేల వరకు క్రిములున్నగాని సూక్ష్మదర్శిని పట్టుకొనజాలదు; ఉమ్మిని తెమడ యని ఇచ్చిన పలక వట్టిదే. కావుననే ప్రాతఃకాలమున లోతుగా దగ్గి తీసిన తెమడకు అంత విలువ. పిల్లలు తెమడ నీయలేరు, హెచ్.ఐ.వి. గలవారి తెమడలో క్రిములు కొద్ది. వారి విషయమున ఈ పరీక్ష ఏనాడును నమ్మదగినది కాలేదు.

ఈ కొరతనే ఆధారము చేసికొని కొందరు రక్తములోని ప్రతిదేహములను చూచు చవుక పరీక్షలను ఊరూర అమ్మిరి. రోగము లేనివారు నెలలతరబడి మాత్రలు మ్రింగిరి, ఉన్నవారు లేదను కాగితముతో ఇంటికి మరలిరి. భారతప్రభుత్వము 2012 జూన్‌లో ఆ పరీక్షలను నిషేధించెను. ఇంకను ముందే చేయవలసిన పని.

తెమడలో క్రిమి యొక్క జన్యుపదార్థమును వెదకు యంత్రమును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో ఆమోదించెను; గోవాలో తయారగు ట్రూనాట్ 2020లో ఆ స్థానమును పొందెను. రెండు గంటలకు అటునిటుగా, మిల్లీలీటరునకు నూరు పైచిలుకు క్రిములున్నను ఇవి పట్టుకొనును. రిఫాంపిసిన్ అను ప్రధానౌషధమునకు క్రిమి లొంగునో లొంగదో కూడ చెప్పును. అయితే చచ్చిన క్రిమి శేషమును కూడ ఇవి చూపును గనుక, చికిత్స ముగించినవానికి ఈ పరీక్ష చేసి భయపడరాదు. 2019-21 జాతీయ సర్వేలో ఫొటో తీయకున్నచో నూటికి నలువదిమందికి పైగా రోగులు తప్పిపోయి యుండెడివారని తేలుటచే, నీడ మరల గౌరవమునకు వచ్చినది. నేడు చేతిలో ఇమిడెడి ఎక్స్‌రే యంత్రము పల్లెలకే నడచి వచ్చుచున్నది.

మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు, వాడపల్లి సిమెంటు కర్మాగారములకు, వీర్లపాలెమున వెలసిన విద్యుత్కేంద్రమునకు దూరదేశపు కూలీలు వచ్చి ఒక్కొక్క గదిలో పలువురుగా నిద్రించు ఈ సీమలో ఆ యంత్రమునకు పని చాలనున్నది.

అట్టి యంత్రమే ఆ తండాకును వచ్చెను. ముసలమ్మ గాజులు గలగలలాడ భుజములు ముందుకు వంచి నిలిచెను; ఫొటోలో నీడ లేదు, దగ్గు లేదు, జ్వరము లేదు. నిద్రించు క్రిమిని నిద్రలోనే అణచుటకు వారమున కొకమారు, పండ్రెండు వారములు మాత్రలు వేసికొమ్మని కార్యకర్త చెప్పుచుండగా ఆమె మధ్యలోనే అడిగెను:

"గయన్ని వేసుకుంట బిడ్డా. పిల్లగాన్ని ఎత్తుకోవచ్చా?"

"ఎందుకు ఎత్తుకోవద్దు అవ్వా? ఎత్తుకో."

ముసలమ్మ, 14 అని వ్రాసిన కాగితమును మడిచి రవికెలో దోపుకొని, మనుమని కొరకు చేతులు చాచెను.