నారును, నీరును

“నారు పోసినవాడు నీరు పోయడా?” అని మనలో నొక సామెత కలదు. ఆపదలో దైవముపై భారముంచి ధైర్యము తెచ్చుకొనుటకు దీనిని చెప్పుకొందురు. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎడ్లను పూజించి ఏరువాక సాగించునపుడు, నిరుడు పంట పోయినవాడును, గాదె నిండినవాడును ఒకే తీరున కొత్త చాలు దున్నుదురు. ఈ నిబ్బరమును మనమందరము మెచ్చుకొందుము. కాని మెచ్చుకోలుతో మన బాధ్యత తీరునా? ఈ ప్రశ్నకు గోదావరీ కృష్ణా తీరముల చరిత్రమే సమాధానము చెప్పుచున్నది.

1832-33 నందన నామ సంవత్సరమున వానలు లేక గుంటూరు మండలము కరువు పాలయ్యెను. నందన కరువనియు, డొక్కల కరువనియు పేరొందిన ఆ విపత్తులో, సుమారు 5 లక్షల జనములో ఇంచుమించు 2 లక్షలమంది మరణించిరని అంచనా. గోదావరి ప్రాంతమును ఆ దశాబ్దమున క్షీణించెను. 1839 నవంబరులో కోరంగిని ఉప్పెన ముంచివేసెను. 1821లో 7 లక్షలకు మించియుండిన రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి 6 లక్షలకు లోబడెను. ఆ కర్షకులకు ఆశ కొరవడెనా? శ్రమ తెలియకుండెనా? మహానది ప్రక్కనే సముద్రములో కలియుచుండగా వారి చేలు బీటలు వారెను. నీరు పొలమునకు వచ్చు త్రోవ మాత్రము లేకుండెను.

గోదావరికి ఆనకట్ట కట్టవలెనని ఆర్థరు కాటను 1844లో ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా 2 మైళ్లకు మించిన ఆ కట్ట లేచినది. కాటనుకు తోడై పని నడపినవారిలో వీణెం వీరన్న ముఖ్యుడు. రాళ్లు మోసిన వేలకొలది కూలీల పేర్లు ఏ శిలపైనను లేవు. దొరతనమువారిని కదిలించినది దయ యొక్కటియే కాదు, పడిపోయిన శిస్తు రాబడియు నని గ్రహింపవలెను. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకును ఆనకట్ట ఏర్పడెను. 1876-78 నాటి ధాత కరువు దక్షిణదేశమును దహించినపుడు, కాలువనీరందిన ఈ ప్రాంతములు తాము బ్రతుకుటయే గాక ఇతరులకు ధాన్యము పంపగలిగెను.

బాలురకు పాఠము చెప్పునపుడు ఈ రెండు కరువులను ప్రక్కప్రక్కన నిలుపుట మా వాడుక. నేల మారలేదు, రైతు గుణమును మారలేదు. మారినది కాలువ యొక్కటే. కాబట్టి ఆశ యనునది కేవల మనోధర్మము కాదనియు, దానికి బయటినుండి ఆధారము కావలెననియు మేము తలంతుము.

అట్లని నీరున్నచో సమస్తము చక్కబడునని యెంచరాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని బలిగొన్నది. అయినను మిగిలినవారు ఉప్పునీరెక్కిన పొలములను మరల సాగునకు తెచ్చిరి. అటువంటి డెల్టాలోనే 2011లో కోనసీమ రైతులు తొలకారు పంట వేయక విరామము ప్రకటించిరి. కూలికిని ఎరువులకును పెట్టిన ఖర్చు ధాన్యపు ధరలో తిరిగి రాకుండెను. మురుగుకాలువలు పూడి చేలు మునుగుచుండెను. ఉప్పెన విరువజాలని నిబ్బరమును జమాఖర్చుల లెక్క విరిచివేసెను.

“రైతే రాజు” అని సభలలో పలుకుట సులభము. ఆ పొగడ్త రైతును ఒంటరిగా విడుచుటకు సాకు కారాదు. మంచియేట పండినదానిని పెండ్లి ఆడంబరములకు వెచ్చింపక, పూర్వులు పాతరలో గింజలు దాచినట్లు చెడ్డయేటికి మిగుల్చుకొనుట కృషీవల కుటుంబముల పని. ఇందు గృహిణుల మాట చెల్లవలెను. మురుగుకాలువల పూడిక తీయుట, గిట్టుబాటు ధర, భూమిపత్రము లేని కౌలుదారునికిని అందు పంటభీమా, వీనిని పాలకులనుండి పట్టుబట్టి సాధించుట అన్నము తిను మనందరి పని.

నీరు పోయువాడు దైవమే యగుగాక. ఆ నీటికి దారి త్రవ్వినవారును, దానిని పూడిపోనిచ్చినవారును మనుష్యులే. రానున్న ఏరువాకకు నాగలి పట్టు రైతు తన వంతు మరువడు. మన వంతు మనము మరువకుందుము గాక!