ఆజ్ఞ చేరు దారి

అద్దంకి పేరు వినగానే చరిత్ర చదివినవారికి మొదట స్ఫురించునది శాసనము. తూర్పు చాళుక్య ప్రభువగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు బోయకొట్టములు పండ్రెండింటిని గెలిచిన వార్త క్రీ. శ. 848 ప్రాంతమున ఇచ్చటి శిలపై తరువోజ పద్యముగా నిలిచినది. తరువాత 1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డి ఈ యూరినే రాజధానిగా చేసికొనెను. ఎఱ్ఱన కవిత విన్న కొలువు ఇదియే. వేమారెడ్డి కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి తరలించెను. మైదానముకంటె గిరిదుర్గము భద్రమన్నది చరిత్రకారులు చెప్పు కారణము.

పెక్కు కోటలనేలు ప్రభువునకు రెండు చింతలు తప్పవు. తన ఆజ్ఞ ప్రతి కోటకును చేరవలెను. ఆజ్ఞ వెలువడు పీఠము శత్రువునకు చిక్కరాదు. ఈ రెండు చింతలును నేడు మన కార్యాలయములందలి కంప్యూటర్లకు సంక్రమించినవి.

వందలకొలది యంత్రములున్నచోట ఒక్కొక్కదాని కడకు పోయి రక్షణ సాఫ్ట్‌వేరును నెలకొల్పుట ఎంత శ్రమయో ఆ పని చేసినవారెరుగుదురు. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తోపాటు వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీ అనునవి ఈ శ్రమను తగ్గించినవి. యంత్రములన్నియు ఒక డొమైనులో పేరు నమోదు చేసికొనును. సాఫ్ట్‌వేరు మూటను అందరికి అందుబాటగు సర్వరులో ఉంచి, ఏయే యంత్రములు దానిని స్వీకరింపవలెనో ఒక్కమారు వ్రాసిన చాలును.

అయితే సర్వరు ఆజ్ఞను విసరునని పలువురు భ్రమపడుదురు. నిజమునకు యంత్రమే వచ్చి అడుగును. కట్టి తెరచినప్పుడు ఒకమారు, ఆపైన సుమారు 90 నిమిషములకొకమారు అడుగును. అన్నియు ఒక్కసారి మీదపడకుండ దానికి 30 నిమిషముల వరకు హెచ్చు కలుపుదురు. కాని యంత్రములకు నిర్దేశించిన సాఫ్ట్‌వేరు మాత్రము యంత్రము మొదలగునప్పుడే ప్రవేశించును. నెలల తరబడి కట్టని కంప్యూటరునకు అది చేరనే చేరదు. అట్టి కంప్యూటర్లకు మన ఆఫీసులలో కొదువ లేదు. మరియొక చిక్కు కలదు. అప్పుడు మూటను తెరచునది ఉద్యోగి కాదు, యంత్రమే. ఉద్యోగులకెల్ల అనుమతినిచ్చి యంత్రమునకు ఈయమరచినచో పని సాగదు. డొమైనులో చేరని యంత్రము సంగతి చెప్పనేల, దానికి ఆజ్ఞయే లేదు.

ఆలస్యము ఎంత చేటో 2017 మే 12న లోకమునకు తెలిసినది. ఫైళ్లను పంచుకొను పాత పద్ధతియందలి లోపమును పట్టుకొని వన్నాక్రై అను పీడ యంత్రమునుండి యంత్రమునకు ప్రాకెను. బ్రిటనులో ఆసుపత్రులు సైతము రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నట్లు మరునాడు పత్రికలు వ్రాసినవి. వానిలో గుంటూరు, కృష్ణా, చిత్తూరు జిల్లాల పేర్లు వినవచ్చినవి. ఆ లోపమునకు విరుగుడు మార్చి 14వ తేదీననే వెలువడియుండెను. ఇంచుమించు రెండు మాసముల వ్యవధి! విరుగుడును ప్రతి యంత్రమునకు చేర్చుటకును, ఆ పాత పద్ధతిని మూసివేయుటకును ఒక్క పీఠమునుండి ఆజ్ఞ జారీ చేయ వీలున్న కాలమది.

రెండవ చింత 2021లో కనబడెను. లాక్‌బిట్ 2.0 అను దోపిడి సాధనము డొమైను సర్వరును వశపరచుకొన్న పిమ్మట, గ్రూప్ పాలసీ మూలముననే యంత్రములలోని విండోస్ డిఫెండరును నిలిపివేసి, తన్ను నడుపుమని వానిని ఆజ్ఞాపించెను. యంత్రములు ఎప్పటివలె వచ్చి అడిగినవి, విధేయతతో నెరవేర్చినవి. కోటకు మేలు చేయు దారియే శత్రువునకు రాచబాట యైనది.

అందువలన డొమైను అధికారి తన పెద్ద ఖాతాతో ఉత్తరములు చదువుట, వార్తలు చూచుట తగదని మా అభిప్రాయము. దానికి వేరు ఖాతా, వేరు యంత్రము ఉండవలెను. క్రొత్త ఆజ్ఞను మొదట అయిదారు యంత్రములపై పరీక్షించి, పిమ్మట అన్నిటికి విస్తరింపవలెను. ఆజ్ఞ పంపితిమన్న తృప్తితో విడువక, ఏ యంత్రము పుచ్చుకొన్నదో, ఏది పుచ్చుకొనలేదో జాబితా తెప్పించి చూడవలెను. ఆ జాబితాలో మొదట చదువదగినవి పుచ్చుకొనని యంత్రముల పేర్లు.