పెళ్లిలోకి పాదిరి ఎప్పుడొచ్చాడు?

చర్చి పెళ్లి అనగానే బలిపీఠం ముందు నిలబడ్డ జంట, వాళ్లచేత ప్రమాణాలు చేయించే పాదిరి కళ్లముందు మెదులుతారు. పాదిరి లేకపోతే అది పెళ్లే కాదనుకోవడం సహజం. కానీ పడమటి క్రైస్తవంలో ఆయన లేకుండానే పెళ్లి చెల్లిన కాలం దాదాపు పదిహేను వందల ఏళ్లు. ఆయన లేనిదే చెల్లదన్న రూలుకు ఇంకా ఐదు వందల ఏళ్లు నిండలేదు. ఆ రూలును పుట్టించింది వేదాంతం కాదు, సాక్ష్యం దొరక్క చర్చి కోర్టులు పడ్డ అవస్థ అని నా అభిప్రాయం.

తొలి శతాబ్దాల క్రైస్తవులు ఊళ్లో అందరిలాగే పెళ్లిళ్లు చేసుకున్నారు. యోహాను సువార్తలోని కానా పెళ్లికి యేసు పిలుపందుకుని వెళ్లాడేగాని ఆ పెళ్లి జరిపించింది ఆయన కాదు. పెళ్లికి మూలం కాపురం కాదు, ఇద్దరి సమ్మతి అని రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ చెప్పిన సూత్రమే చర్చికీ ఆధారమైంది. దీనికి అడ్డంగా ఇద్దరిని చూపిస్తుంటారు. బిషప్పు అనుమతితో పెళ్లాడటం మంచిదని రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ ఇగ్నేషియస్ రాశాడు. చర్చి కలిపిన పెళ్లి ఎంత ధన్యమైనదో ఆ తర్వాత టెర్టులియన్ పొగిడాడు. నిజమే, కానీ ఒకటి హితవు, రెండోది ప్రశంస. పాదిరి లేని పెళ్లి చెల్లదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. 866లో బల్గేరియన్ల ప్రశ్నలకు పోపు మొదటి నికొలాస్ ఇచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంది. ఉంగరం, కట్నం, ఆశీర్వాదం, ముసుగు, కిరీటాలు అన్నీ వర్ణించి, ఇవి లేకపోయినా పాపం లేదన్నాడు. సమ్మతి ఒక్కటి లేకపోతే మాత్రం మిగతా తతంగమంతా దండగేనట. తూర్పు చర్చి దారి వేరు. 886 నుంచి 912 దాకా ఏలిన బైజాంటియం చక్రవర్తి ఆరో లియో చర్చి ఆశీర్వాదాన్ని చట్టంగానే చేశాడు. అందుకే నా వాదనను పడమటికే పరిమితం చేస్తున్నాను.

పన్నెండో శతాబ్దంలో పండితులు ఈ చిక్కును తర్కంతో విప్పబోయారు. సమ్మతితో మొదలైన పెళ్లి కాపురంతో పూర్తవుతుందని బొలోన్యాలో గ్రేషియన్ అన్నాడు. అలాగైతే మరియ, యోసేపుల పెళ్లి సగంలో ఆగిపోయిందా? ఆ ఇబ్బందిని కూడా దృష్టిలో పెట్టుకుని, వర్తమాన కాలంలో చెప్పిన సమ్మతి చాలని ప్యారిస్‌లో పీటర్ లంబార్డ్ తేల్చాడు. పోపు మూడో అలెగ్జాండర్ ఆ మాటనే తీర్పుల్లోకి తెచ్చాడు. ‘నిన్ను చేసుకుంటున్నాను’ అంటే పెళ్లయిపోయినట్టే. ‘చేసుకుంటాను’ అంటే ప్రధానం మాత్రమే, కానీ ఆ తర్వాత కలిసి పడుకుంటే అదీ పెళ్లే. ఇక చూడండి తమాషా! చెట్టు కింద, వంటింట్లో, సారాకొట్లో, నడిరోడ్డు మీద చెప్పుకున్న మాటలను ఇంగ్లండు చర్చి కోర్టులు తూకం వేయాల్సి వచ్చింది. 1469లో నార్ఫోక్‌లో పాస్టన్ల ఇంటి పిల్ల మార్జరీ తమ గుమస్తా రిచర్డ్ కాల్‌ను చాటుగా పెళ్లాడింది. నార్విచ్ బిషప్పు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, సరిగ్గా ఏ మాటలన్నారో చెప్పమన్నాడు. ఆ మాటలు చాలకపోతే గట్టిపడేలా మళ్లీ చెబుతానందా పిల్ల. పెళ్లి నిలిచింది. తల్లి మాత్రం కూతురికి తలుపు మూసేసింది.

మార్జరీ మాట మీద నిలబడింది గనక సరిపోయింది. మగవాడు తాను అనలేదంటే? గుట్టుగా కట్టుకున్న భార్యను వదిలి ఊరందరి ముందు ఇంకొకతెను కట్టుకుంటే, రెండో పెళ్లే పైకి కనిపించేది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ముందుగా పెళ్లి ప్రకటనలు చేయాలంది, చాటు పెళ్లిళ్లు వద్దంది, కానీ జరిగినవి చెల్లవనలేకపోయింది. లూథర్, కాల్విన్ కూడా వీటిని తిట్టిపోశారు. చివరికి 1563 నవంబర్ 11న ట్రెంట్ మహాసభ, స్థానిక పాదిరి, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేని పెళ్లి చెల్లదని శాసించింది. సభలో అందరూ ఒప్పుకోలేదు. నిన్నటిదాకా నిజమైన పెళ్లి ఇవాళ ఎలా రద్దవుతుందన్నది వాళ్ల ప్రశ్న. అందుకే ఆ శాసనం అంతకుముందటి చాటు పెళ్లిళ్లు నిజమైనవేనని ఒప్పుకుని, కాదన్నవాళ్లను శపించి మరీ కొత్త రూలు పెట్టింది.

వివాహం దివ్యసంస్కారం గనక పాదిరి తప్పనిసరి అయ్యాడని ఇంకో వాదన ఉంది. తారీఖులే దీన్ని నిలవనివ్వవు. ఏడు సంస్కారాల్లో వివాహాన్ని చేర్చింది పై లంబార్డే. 1439లో ఫ్లారెన్స్ మహాసభ ఆ జాబితాను ఖాయం చేస్తూ, ఈ సంస్కారానికి మూలకారణం ఇద్దరి సమ్మతి అంది. పాదిరి తప్పనిసరి అయింది ఇంకో 124 ఏళ్లకు. పోనీ, ఈ రూలు చర్చి పెత్తనమేనా? పెత్తనం పెరిగింది, కాదనను. కానీ ఒట్టేసి మాట తప్పినవాడి చేతుల్లోంచి ఆడదాన్ని కాపాడటానికి అప్పట్లో ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు.

మన పాస్టర్లు పెళ్లి రిజిస్టరులో సాక్షులచేత సంతకాలు పెట్టించడం వెనకున్న 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టానిదీ ఇదే చింత. మామూలుగా పొద్దున ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యే పెళ్లి జరగాలని కూడా అది అంటుంది. ఇక కతోలిక చర్చి తన పాత సూత్రాన్ని వదిలేయలేదు. 1983 నాటి ధర్మశాస్త్రం 1116వ సూత్రం ప్రకారం, అర్హతగల పాదిరి నెలరోజులపాటు దొరికే వీల్లేకపోతే, ఇద్దరు సాక్షుల ముందు జంట చెప్పుకున్న సమ్మతితోనే పెళ్లి ఇవాళ్టికీ చెల్లుతుంది.