జంతు ప్రయోగాల ముందస్తు నమోదు: ఆలస్యంగా తెరుచుకున్న చిట్టా

ప్రయోగం ఆరంభించక ముందే పరికల్పన, జంతువుల సంఖ్య, కొలవదలచిన ప్రధాన ఫలితం, విశ్లేషణ పద్ధతి ఒక చిట్టాలో తేదీతో సహా నమోదు చేయడాన్ని ముందస్తు నమోదు అంటారు. మనుషులపై జరిగే ఔషధ పరీక్షలకు అమెరికా ప్రభుత్వం ఇటువంటి బహిరంగ చిట్టాను 2000లో అందుబాటులోకి తెచ్చింది. ప్రత్యేకించి జంతు ప్రయోగాల కోసం నెదర్లాండ్స్‌లో ప్రీక్లినికల్ ట్రయల్స్ అనే చిట్టా 2018లో గాని మొదలు కాలేదు. ఈ పద్దెనిమిదేళ్ల ఎడానికి సాంకేతిక కారణమేదీ కనిపించదు.

మనుషుల పరీక్షల విషయంలో ఒత్తిడి పత్రికల నుంచి వచ్చింది. ముందుగా నమోదు కాని పరీక్షల ఫలితాలను ప్రచురించబోమని వైద్యపత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2004లో ప్రకటించింది. భారతదేశంలో 2007లో ఏర్పడిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ప్రయోగశాలలోని ఎలుక మాత్రం ఈ సంస్కరణ పరిధిలోకి రాలేదు. జంతు ప్రయోగం ప్రధానంగా అన్వేషణ అనీ, దారి మార్చుకునే స్వేచ్ఛ పరిశోధకునికి ఉండాలనీ వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని అన్వేషణగా మొదలైన పనిని నిర్ధారణగా ప్రచురించి, దాని ఆధారంగా రోగులకు మందు ఇచ్చినప్పుడు ఆ వాదన నిలవదు.

ఈ సంగతిని బయటపెట్టినది పక్షవాత పరిశోధన. తీవ్ర పక్షవాతానికి నిమోడిపిన్ అనే మందును వేలాది రోగులపై పరీక్షించినా ప్రయోజనం తేలలేదు. అంతకుముందరి జంతు అధ్యయనాలను 2001లో క్రమబద్ధంగా సమీక్షించినప్పుడు, ఆ పరీక్షలకు తగినంత ఆధారం జంతువులలో సైతం లేదని వెల్లడైంది. తరువాత వచ్చిన ఎన్‌ఎక్స్‌వై-059 మీద పెద్ద ఆశలుండేవి. 2006లో వెలువడిన తొలి పరీక్ష కొంత అనుకూలించినా, మూడువేలకు పైగా రోగులతో జరిగిన రెండవ పరీక్షలో మందు విఫలమైంది. దాని జంతు అధ్యయనాలను మెల్కమ్ మాక్లియోడ్ బృందం పరిశీలించగా, జంతువులను యాదృచ్ఛికంగా విభజించిన చోట, ఏ జంతువుకు మందు అందిందో కొలిచేవారికి తెలియనివ్వని చోట మందు ప్రభావం తక్కువగా కనిపించింది.

2010లో ఎమిలీ సేనా తదితరులు పక్షవాతానికి సంబంధించిన 525 జంతు అధ్యయన పత్రాలను పరిశీలించారు. మెదడులో దెబ్బతిన్న భాగపు పరిమాణంపై గణనీయమైన ప్రభావం లేదని చెప్పినవి వాటిలో 10 మాత్రమే. ప్రచురణకు నోచుకోని ప్రయోగాలను గణాంక పద్ధతిలో లెక్కలోకి తీసుకుంటే, సగటు ప్రభావం 31.3 శాతం నుంచి 23.8 శాతానికి తగ్గింది. మిగిలిన ప్రయోగాలు ఎక్కడికి పోయాయో పత్రికలు చదివి తెలుసుకోవడం అసాధ్యం. యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో మరో దారి పట్టారు. అనుమతి పొందిన పాత ప్రణాళికలను తీసి, వాటి ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయో వెదికారు. వాడిన జంతువులు 5,590 కాగా, ప్రచురిత పత్రాలలో కనిపించినవి 1,471. సంస్థ దస్త్రాలు లేకుంటే ఈ లెక్క తేలేదే కాదు.

జర్మనీలో సమాఖ్య ప్రమాద అంచనా సంస్థ 2019లో యానిమల్ స్టడీ రిజిస్ట్రీని ప్రారంభించింది. ఆలోచనను ఇతరులు అపహరిస్తారనే భయానికి సమాధానంగా, నమోదైన వివరాలను అయిదేళ్ల వరకు గోప్యంగా ఉంచుకునే వీలు కల్పించింది. ఇది రాజీయే అయినా తెలివైన రాజీ. తేదీ మాత్రం చెరగదు. అసలు బలహీనత వేరొకటి. 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాలు ప్రణాళిక నమోదు వివరాలను పత్రంలో పేర్కొనమంటాయి గాని, ఆ అంశాన్ని అత్యవసరమైన పదింటిలో కాక సిఫార్సుల జాబితాలో చేర్చాయి. సంపాదకులు 2004లో చూపిన పట్టుదల ఇక్కడ లోపించింది.

భారతదేశంలో జంతువులపై ప్రయోగం చేయదలచిన పరిశోధకుడు ఫారం-బి నింపి సంస్థాగత జంతు నైతిక సంఘానికి సమర్పిస్తాడు. జంతువుల సంఖ్య, అన్ని జంతువులు ఎందుకు కావాలన్న సమర్థన, ప్రయోగ విధానం అందులో ఉంటాయి. ముందస్తు నమోదుకు కావలసిన సమాచారంలో అధికభాగం అప్పటికే కాగితంపై ఉన్నట్లే. ఆ కాగితం అనుమతి కోసం రాసినది. సంఘం ఆమోదించాక దస్త్రంలోనే ఉండిపోతుంది. ప్రచురితమైన పత్రాన్ని దానితో పోల్చి చూసే అవకాశం సమీక్షకునికి గాని, పాఠకునికి గాని లేదు.