బందరు కోటలో డ్రమ్ము కుర్రాళ్లు

పట్టుబడ్డవాళ్లు దాదాపు మూడు వేలు, పట్టుకున్నవాళ్లు రెండు వేల లోపు! 1759 ఏప్రిల్ 8 తెల్లవారుజామున బందరు కోటలో తేలిన లెక్క ఇది. ఉస్మాన్‌గంజ్ మనిషికి సముద్రపు కోటతో ఏం పని అంటారా? మన గంజ్‌కు పేరిచ్చిన నిజాముల వంశానికి సముద్రం దూరమవడం అక్కడే మొదలైంది మరి.

గోల్కొండ సుల్తానుల రేవు బందరు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు 1600ల మొదట్లోనే దిగారు. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. అక్కణ్ణుంచి కథ నాకిష్టమైన చోటికి దూకుతుంది.

చందుర్తిలో ఫ్రెంచివాళ్ల మీద గెలిచిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ 1759 మార్చిలో కోటను ముట్టడించాడు. చుట్టూ ఉప్పు బురద. విజయనగరం ఆనందగజపతి ఇస్తానన్న డబ్బు చేతికందలేదు, తెల్ల సిపాయిలు తిరగబడ్డారు. పక్కనే బెజవాడలో ఫ్రెంచివాళ్ల స్నేహితుడు నిజాం సలాబత్ జంగ్ సేనతో దిగాడు. చివరికి మందుగుండు రెండు రోజులకే మిగిలింది. ఇక ఎక్కడమే గతి.

ఏప్రిల్ 7 రాత్రి ఒక దండు బురదలో పడి దొంగదాడి చేస్తుంటే, ఫోర్డ్ మనిషి కెప్టెన్ యార్క్ మరో వైపు బురుజెక్కాడు. లోపల మందుపాతర అని ఎవడో అరిచాడు. అంతే, అందరూ పరుగు! యార్క్ పక్కన మిగిలింది ఇద్దరు నల్ల కుర్రాళ్లు, ఆపకుండా డ్రమ్ము వాయిస్తూ. పారిపోయినవాళ్లు తిరిగొచ్చారు. ఆ కుర్రాళ్లు మాత్రం అక్కడే చచ్చిపోయారు. రెండు తొడల్లోనూ తూటాలు దిగిన యార్క్ పేరు చరిత్రకెక్కింది. వాళ్లకు పేరైనా దక్కలేదు. నాకు అదే మంట.

సలాబత్ జంగ్ సేన కదిలేలోపే కోట పోయింది. మే నెలలో సంధి చేసుకుని బందరును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1762లో తమ్ముడు నిజాం అలీ ఆయన్ని గద్దె దించి బీదరు కోటలో పెట్టాడు, మరుసటి ఏడాది సలాబత్ జంగ్ అక్కడే పోయాడు. ఆ నిజాం అలీ వంశంలోవాడే మన ఉస్మాన్ అలీ ఖాన్.

బందరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక వందేళ్లు గడిచాయి. 1864 నవంబర్ 1న ఉప్పెన వచ్చి, ఆ ప్రాంతంలో సుమారు ముప్పై వేల మందిని మింగింది. ఆ దెబ్బకు సైన్యం కూడా బందరును విడిచిపెట్టింది.

స్కాట్లాండ్‌లో డన్నొట్టర్ అని సముద్రపు ఒడ్డున మరో శిథిల కోట ఉంది. 1652 ముట్టడిలో రాజకిరీటాన్ని అక్కణ్ణుంచి రహస్యంగా దాటించిన కథ చెప్పి, టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. మన డ్రమ్ము కుర్రాళ్ల కథ దానికేమీ తీసిపోదు. బందరు వెళ్తే లడ్డూలు కొనుక్కుని వెనక్కి తిరిగేయకండి, కోట దాకా వెళ్లి రండి.