తల్లులను బ్రతికించిన మందు

ప్రసవమైన తరువాత గాని, గర్భం పోయిన తరువాత గాని, మాయ కణాల నుండి పుట్టే క్యాన్సర్ ఒకటున్నది. దాని పేరు కోరియోకార్సినోమా. అది ఊపిరితిత్తులకు ప్రాకితే తల్లి దక్కడం అరుదని వెనుకటి వైద్యులు ఆశ వదులుకొనేవారు.

1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నుండి డాక్టర్ మిన్ చియు లీ, డాక్టర్ రాయ్ హెర్ట్జ్ ప్రభృతులు ఒక వ్యాసం ప్రకటించారు. మెథోట్రెక్సేట్‌తో ఊపిరితిత్తులలోని కంతులు సైతం కరిగాయని అందులో చూపారు. కంతులు కనబడకపోయినా, మూత్రంలో గర్భపు హార్మోను పూర్తిగా పోయేవరకు మందు ఆపరాదని లీ పట్టుపట్టి, ఉద్యోగమే పోగొట్టుకున్నారు. చివరకు ఆయన మాటే నిలిచింది. 1972లో లీ, హెర్ట్జ్‌లకు లాస్కర్ బహుమతి లభించింది. నయమైన స్త్రీలలో ఎందరో మరల బిడ్డలను కన్నారు.

ఆ మందు పుట్టినది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలకు సారథి, 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1948లోనే కన్నుమూసిన ఆయన ఈ ఫలితాన్ని చూడలేదు. ఆ వ్యాసంపై ఆయన పేరూ లేదు. లీ చైనా నుండి, సుబ్బారావుగారు ఆంధ్రదేశం నుండి సముద్రాలు దాటినవారు. అలా దాటి వచ్చిన పెద్దల సంతతివారమైన మనం, ఆ పేరును మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.