ఆ యుద్ధ విమానాల్లో మన రైతు సొమ్ము ఉంది

ఈసారి మిర్చి ధర గురించీ, తామర పురుగు గురించీ కాదు. కొంచెం పాత చరిత్ర. పోస్టు పెద్దదే, తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

మన ఇళ్ళల్లో కుర్రాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని విమానాలు నడుపుతుంటే చూసే ఉంటారు. వాటిలో ఫ్లైట్ సిమ్యులేటర్ అని ఒక రకం ఉంది. పేరుకి ఆటే గానీ, బటన్ నొక్కితే డాం డాం అని పేలే రకం కాదు. ఐఎల్-2, క్లిఫ్స్ ఆఫ్ డోవర్, డీసీఎస్ లాంటి వాటిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాన్ని ఇంజను స్టార్ట్ చేయడం దగ్గర్నుంచి మనమే చూసుకోవాలి. ఇంగ్లీషు వాళ్ళ స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. నేల మీద ఎక్కువసేపు నిలబెడితే రేడియేటర్ వేడెక్కుతుంది. ముక్కు పొడుగు కాబట్టి ఎదర ఏముందో కనపడదు, వంకరటింకరగా నడుపుతూ పక్కకి చూసుకోవాలి. థ్రాటిల్ ఒక్కసారిగా ఇస్తే ఒక పక్కకి లాగేస్తుంది.

ఇంకో తమాషా ఉంది. 1940 నాటి స్పిట్‌ఫైర్‌లో ముక్కు గబుక్కున కిందికి వంచితే ఇంజను ఒక్క క్షణం ఆగినంత పని చేస్తుంది. కారణం మనకి తెలిసిందే, కార్బురేటర్. పెట్రోలు స్ప్రేయరు బాగా వాల్చితే ఇంజను దగ్గుతుందే, అదే గోల. జర్మనీ వాళ్ళ మెస్సర్‌ష్మిట్ 109కి పెట్రోలు నేరుగా ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు ఉండేది, అందుకని అది కిందికి దూకి తప్పించుకునేది. చివరికి బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు పెట్రోలు పోయే దారిలో ఒక చిన్న బెజ్జం బిళ్ళ పెట్టి, 1941లో ఆ బాధ చాలావరకు తగ్గించింది. మంచి సిమ్యులేటర్లో ఆ దగ్గు కూడా ఉంటుంది.

సరే, ఇదంతా మనకెందుకు అంటారా? అసలు సంగతికి వస్తున్నా.

ఆ ఆటల్లో బ్రిటన్ యుద్ధం ఆడేటప్పుడు 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు వస్తాయి. పక్కన యూఎం అని అక్షరాలు ఉంటాయి. ఆ దళం పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. వాళ్ళ చిహ్నం ఏంటో తెలుసా? నిజాం తలపాగా! ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ అనే చోట నుంచి వాళ్ళు 1940లో జర్మన్లతో పోరాడారు. 110 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్) కూడా ఉన్నాయి. ఇక మనది. అప్పట్లో గుంటూరు జిల్లా, ఒంగోలు ప్రాంతం అంతా మద్రాసు రాష్ట్రమే కదా. 79, 234, 264 నంబర్ల స్క్వాడ్రన్లకి మద్రాసు ప్రెసిడెన్సీ అని పేరు పెట్టారు.

ఊరికే పెట్టలేదు. డబ్బిచ్చినందుకు పెట్టారు.

నిజాం కథ 1918లోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ బాంబర్లు కొనిచ్చింది ఆయనే. ఒక్కో విమానం మీదా అది నిజాం కానుక అని రాయించారు. వాటిలో ఒకటి ఇప్పటికీ లండన్లో హెండన్ మ్యూజియంలో ఉంది. కానీ నిజాం సొమ్ము అంటే ఎవరి సొమ్ము? అందులో పెద్ద వాటా తెలంగాణలో, మరాఠ్వాడాలో రైతు కట్టిన శిస్తు. విమానం మీద పేరు దొరది, పైసలు దుక్కి దున్నినోడివి.

మద్రాసు వైపు శిస్తుతో పాటు చందా కూడా. 1940లో ఇంగ్లండ్ విమానాల మంత్రి బీవర్‌బ్రూక్ ఒక ధర కట్టాడు: 5,000 పౌన్లు ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద మీ పేరు రాస్తాం అని. అసలు ఖర్చు అంతకంటే బాగా ఎక్కువే, ఇది చందాల కోసం కట్టిన ధర. రూపాయికి ఒకటిన్నర షిల్లింగు లెక్కన అది దాదాపు 67 వేల రూపాయలు. గవర్నర్ ఆర్థర్ హోప్ హయాంలో మద్రాసు రాష్ట్రమంతా యుద్ధ నిధి వసూళ్ళు జరిగాయి. పేరుకి ఎవరిష్టం వాళ్ళది. కానీ శిస్తు వసూలు చేసే సర్కారే చందా కూడా అడిగితే, కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మీరే ఆలోచించండి.

కాదన్నవాళ్ళు లేకపోలేదు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నే కట్టం అన్న నేల మనది. 1939లో భారతీయుల్ని ఒక్క మాట అడక్కుండానే వైస్రాయి యుద్ధం ప్రకటించాడు. మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం గారే. తర్వాత గాంధీ గారు వ్యక్తి సత్యాగ్రహం పిలుపిచ్చారు. ఈ యుద్ధానికి మనిషిని గానీ డబ్బు గానీ ఇవ్వడం తప్పు అని చెప్పి జైలుకెళ్ళడమే ఆ సత్యాగ్రహం. ప్రకాశం గారూ అందులో దిగారు. మన ప్రకాశం జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఇక అసలు దెబ్బ. 1942 ఏప్రిల్ 6. జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశారు. మద్రాసు నుంచి ప్రభుత్వ ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకి తరలించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి మన గుంటూరుకి తెచ్చిపెట్టారు.

మరి హైదరాబాద్ పేరు మీద మూడు, మద్రాసు పేరు మీద మూడు, ఆరు స్క్వాడ్రన్లు ఉన్నాయి కదా? ఆ రోజు వాటిలో ఒక్కటీ మన తీరం మీద లేదు. మనం పైసలిచ్చిన విమానాలు ఎక్కడో ఇంగ్లండ్ ఆకాశాన్ని కాస్తుంటే, మన పేదోడి నెత్తిన బాంబు పడింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ విమానాలు నడిపిన కుర్రాళ్ళది తప్పు కాదు. హిట్లర్‌ని ఆపినవాళ్ళలో వాళ్ళున్నారు. 264 (మద్రాసు ప్రెసిడెన్సీ) వాళ్ళకిచ్చిన డిఫయంట్ అనే విమానానికి ముందుకి పేల్చే తుపాకులే లేవు, అన్నీ వెనకాల గుండ్రటి గూట్లోనే. ఆ సంగతి పసిగట్టిన జర్మన్లు 1940 ఆగస్టులో వాటిని వరసగా కూల్చారు. ఆ దాడి తర్వాత 79, 110, 152 మనవైపే వచ్చి బర్మా యుద్ధంలో జపాన్ వాళ్ళతో పోరాడాయి. నేనడిగేది వాళ్ళని కాదు. డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది, కాపలా ఎవరికి అని అడుగుతున్నా.

దొనకొండలో యుద్ధకాలం నాటి విమానాల దిగుడు చోటు ఉంది కదా, ఆ దారిన పోయేటప్పుడు ఒకసారి ఆగి చూడండి. 2014లో రాజధాని మాట వచ్చినప్పుడు దొనకొండ పేరు ఎంతగా మోగిందో అందరికీ గుర్తే. సర్కారు మారినా పద్ధతి ఒకటే. దేశం కోసం అంటారు, అభివృద్ధి కోసం అంటారు. ఇవ్వొద్దని నేననను. ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క అడగాలి, కాగితం దాచుకోవాలి. ఎందుకంటే మన తాతలిచ్చిన దానికి విమానం మీద దొర పేరుంది, రాష్ట్రం పేరుంది, రైతు పేరు ఎక్కడా లేదు.

అందుకని రెండు పనులు చేయండి. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెల్లో యుద్ధ నిధి రసీదు గానీ, ఆనాటి శిస్తు కాగితం గానీ ఉంటే పారేయొద్దు. ఫొటో తీసి కింద కామెంట్లో పెట్టండి. రెండోది, 1942లో పదేళ్ళ వయసున్న వాళ్ళకి ఇప్పుడు తొంభై దాటాయి. ఊళ్ళో అలాంటి పెద్దలుంటే బాంబుల నాటి సంగతులు అడిగి, ఫోన్లో రికార్డు చేయండి. మిర్చి మళ్ళీ ఏడాదికి కాస్తుంది. వాళ్ళు పోతే ఆ మాట మళ్ళీ దొరకదు.

కుర్రాళ్ళని ఆటలాడొద్దని తిట్టకండి. ఈసారి స్పిట్‌ఫైర్ ఎక్కినప్పుడు, అందులో మీ ముత్తాత సొమ్ము కూడా కాస్త ఉందిరా అని చెప్పండి చాలు.